చచ్చినవాడి నవ్వు

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకి ముందు నాలుగు ముక్కలు చెప్పేస్తాను. తర్వాత నన్ను ఆపి అడగొద్దు. నా పేరు జ్యోతిర్మయి. కంచరపాలెంలో టైలరింగ్ దుకాణం. మా నాన్న జగ్గారావు పోర్టులో లాంచీ నడిపే సరంగు. తొంభై నాలుగులో ఆయన్ని దేశద్రోహి అన్నారు. ఓడల రాకపోకల కబుర్లు పరాయివాళ్ళకి చేరవేశాడన్నారు. పారిపోతుంటే కాల్చేశామన్నారు. ఊళ్ళో గొడవలవుతాయని దహనం కూడా మేమే చేసేశామన్నారు. మా అమ్మ కాశమ్మకి ఒక ఫోటో మాత్రం చూపించి, ఇతనేనా అని అడిగారు. అవునంది. ఇంటికొచ్చి బొట్టు తీసేసింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

తొమ్మిదేళ్ళు పోయాక హైదరాబాదు నుంచి సందీప్ అనే డైరెక్టరు దిగి, మా విశాఖపట్నంలోనే ఒక గూఢచారి సినిమా మొదలుపెట్టాడు. కథ మా నాన్నదే. పేరు జగన్నాథం అని మార్చారు, అంతే. పోర్టు ఖలాసీల ఖాకీ బట్టలు కుట్టడానికి లోకల్ టైలరు కావాలంటే, ఎవరి కూతుర్నో చెప్పకుండా చేరిపోయాను. నా పంతం ఒకటే. మా నాన్న నిర్దోషి అని ఏదో ఒక ఆధారం పట్టుకుని ఆ కథ మార్పించాలి. గోడ మీద తిట్టు రాస్తే సున్నం కొట్టుకోవచ్చు. మా గోడకి అమ్మ చాలాసార్లు కొట్టింది కూడా. సినిమా హాల్లో పడ్డ తిట్టుకి ఏ సున్నం కొడతాం?

కిందటి వారం ఆపిన చోట, ఫిషింగ్ హార్బరు పక్కనున్న పాత గోడౌన్లో జగన్నాథాన్ని చంపడానికి అంతా సిద్ధంగా ఉంది.

జగన్నాథం వేషం వేస్తున్నది తాతబాబుగారు. విజయనగరం వైపు నాటకాల్లో పండిపోయిన మనిషి. పాపం ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనకి నల్ల కళ్ళద్దాలు పెట్టి, పళ్ళ మధ్య అగ్గిపుల్ల ఇరికించారు. "మన సినిమాలో మంచోడు, చెడ్డోడు అనే గీత ఉండదు సార్, అంతా గ్రే," అని సందీప్ రోజుకోసారి అందరికీ పాఠం చెబుతాడు. గీత చెరిపేసేవాడికి ఆ అగ్గిపుల్ల దేనికో నాకు అర్థం కాదు. హీరోకి కుట్టించిన సూటు మాత్రం గ్రే.

హీరో వేసే పోలీసు పాత్రకి అసలు మనిషి అక్కడే కుర్చీలో కూర్చుని కొబ్బరిబోండం తాగుతున్నాడు. అర్జునరావు. మా నాన్నని పట్టుకున్నవాడు, అమ్మకి ఫోటో చూపించినవాడు. రిటైరై సీతమ్మధారలో మేడ కట్టుకుని, ఇప్పుడు ఈ సినిమాకి సలహాదారుగా కుదిరాడు. సినిమాలో ఆయన గోడలు దూకుతాడు. ఆ పొట్ట చూస్తే పోర్టు గేటు కూడా ఒంగి దాటి ఉంటాడనిపించదు.

తూటా తగిలింది. తాతబాబుగారు రెండడుగులు తూలి, సిమెంటు గచ్చు మీద వెల్లకిలా పడ్డారు. ఛాతీ మీద నేను అమర్చిన రంగు సంచి పగిలి చొక్కా తడిసింది. కళ్ళు మూతలు పడ్డాయి. నేను చూడలేకపోయాను. అబద్ధం చావని తెలుసు, ఆ చొక్కా కుట్టింది నేనేనని తెలుసు, అయినా తల తిప్పేసుకున్నాను. అమ్మకి చూపించిన ఫోటోలో నాన్న సరిగ్గా అలాగే పడుకుని ఉన్నాడట.

"కట్. ఓకే," అన్నాడు సందీప్.

కెమెరామన్ మాత్రం కెమెరా ఆపలేదు. "తాతబాబుగారూ, ఒకసారి నవ్వండి సార్."

సినిమావాళ్ళకి అదొక ఆనవాయితీ. చచ్చే సీను అయిపోగానే ఆ నటుడు లేచి కెమెరా వైపు చూసి నవ్వాలి. దండ వేయడానికి ఫోటో తీసినా అంతే, వెంటనే ఇంకో ఫోటో నవ్వుతూ తీస్తారు. చావు దగ్గర ఆపేస్తే అది నిజమై కూర్చుంటుందని భయం. తాతబాబుగారు లేచి కూర్చుని, నెత్తురంటిన మొహంతో పిల్లాడిలా నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను మోకాళ్ళ మీద కూర్చుని, పిన్నీసులు నోట్లో పెట్టుకుని, ఆయన చొక్కాలోంచి రంగు సంచి విప్పుతున్నాను.

అప్పుడు వెనకనుంచి అర్జునరావు గొంతు వినిపించింది.

"మీవోళ్ళందరికీ ఇదే రోగం సందీప్ గారూ. ఆ రోజు మా ఫోటోగ్రాఫరూ ఇంతే. మద్రాసులో సినిమా స్టిల్స్ తీసొచ్చినోడు. ఫోటో అయిపోనాది, ఇంక లేరా అని కిందోడితో అంటే, ఆడు నవ్వితే గానీ కెమెరా సర్దనని మావోడు కూకున్నాడు. కిందోడేమో ఏడుపు. సచ్చినోణ్ణి నవ్వించడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది..."

అక్కడ ఆగిపోయాడు. కొబ్బరిబోండంలో గొట్టం మాత్రం గురగురమంది.

సందీప్ నవ్వాడు. కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడి, ఏదో జోకు విన్నట్టు తల ఊపి, మానిటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు భోజనాల మాటల్లో పడ్డారు. నా నోట్లో పిన్నీసులున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏం అరిచేదాన్నో. శవాన్ని ఎవరూ నవ్వమనరు. శవం ఏడవదు. ఆ ఫోటో తీసేటప్పుడు మా నాన్న బతికే ఉన్నాడు.

భోజనాల వేళకి అర్జునరావు బట్టల గదికి వచ్చాడు. వస్తాడని నాకు తెలుసు. హీరో వేసుకునే పోలీసు చొక్కా భుజం మీద చుక్కలు సరిగ్గా ఉన్నాయా లేదా అని రోజూ తడిమి చూసుకోకపోతే ఆయనకి అన్నం సహించదు. చొక్కా చేతికిచ్చి, వెనక్కెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టాను.

"సివరికి నవ్వేడా సార్?"

"ఎవరమ్మా?"

"జగ్గారావు."

చుక్కల మీద వేలు ఆగింది. "జగన్నాథం కదా పేరు."

"సినిమాలో జగన్నాథం. మీరు గచ్చు మీద పడుకోబెట్టి ఫోటో తీయించింది జగ్గారావుని. నవ్వేడా, నవ్వలేదా?"

"ఎవరు నువ్వు?"

"మీరు ఆడు, ఆడు అంటన్నారు కదా. ఆ ఆడి కూతుర్ని."

నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. పోలీసు చూపు రిటైరవదు. "కాశమ్మ కూతురివా. ఇక్కడికెలా దూరేవు? తలుపు తియ్యి."

"తియ్యను."

"పోలీసోణ్ణి గదిలో పెట్టి గొళ్ళెం వేసేవంటే నీ గతి ఏటవుద్దో తెలుసా?"

"మా గతి మీరు తొమ్మిదేళ్ళ కిందటే సూసేరు. ఇంక కొత్తగా చేసేదేటుంది?"

చొక్కా బల్ల మీద పడేశాడు. "నోరు జారేను. అది వేరే కేసు. వయసు మీద పడ్డాది, ఒకదానికొకటి కలిసిపోతన్నాయి."

"అయితే బయటికి రండి. ఆ వేరే కేసేటో పేపరోళ్ళ ముందర చెప్పండి. నాను ఇప్పుడే పిలుస్తాను. సచ్చినోడు ఎలగ ఏడుస్తాడో అందరం విందాం."

"పిలువు," అన్నాడు, మొహం ఎర్రబడి. "వారం తిరక్కుండా మీ నాన్న ఈసారి నిజంగానే సస్తాడు. పిలువు."

అన్నాక తెలిసింది ఆయనకి, ఒక్క పూటలో రెండోసారి జారాడని. కళ్ళు మూసుకుని కుర్చీలో కూలబడ్డాడు.

నాన్న బతికే ఉన్నాడు. అప్పుడు కాదు, ఇప్పుడు. ఇవాళ ఈపాటికి ఎక్కడో అన్నం తింటూ ఉండుంటాడు. నాకు సంతోషం రావాలి కదా? రాలేదు. ముందు కోపం వచ్చింది, తర్వాత ఇంకా కోపం వచ్చింది. కాలేజీలో ఎన్‌సీసీలో చేరతానంటే, మీ నాన్న ఎగరేసిన జెండా చాలదా అని మాస్టారు అందరిలో అన్న మాట గుర్తొచ్చింది. పెద్దకర్మ చేయడానికి బాబాయి రానన్న రోజు గుర్తొచ్చింది. ఏడాదికోసారి ఆయన పేరున కాకులకి పెట్టిన అన్నం గుర్తొచ్చింది. బతికున్నవాడికి పిండాలు పెట్టిన ఇల్లు మాది.

"ఎక్కడున్నాడు?"

"చెప్పను."

"ఎందుకు సంపేరు? బతికున్న మనిషిని ఎందుకు సంపేరు?"

"సంపేశాం కాబట్టే బతికున్నాడు." రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "విను. సగం విని ఎగరకు. ఓడలకి కూరలూ మాంసమూ సప్లై చేసే ఛాండ్లరు ఒకడుండేవోడు. ఏ ఓడ ఎప్పుడొస్తాదో పోర్టోళ్ళు ఆళ్ళకి చెప్తారు, ముందుగా సరుకు సర్దుకోడానికి. తరాలనుంచీ ఉన్నదే. మీ నాన్నా చెప్పేడు. అందులో తప్పుందని ఆడికి తెలీదు. కానీ ఈ ఛాండ్లరు ఆ కబురు సముద్రం అవతలికి పంపేవోడు. నేను మీ నాన్నని పట్టుకున్నాను. జైల్లో వేయకుండా నా వైపు తిప్పుకున్నాను. ఆళ్ళతో ఉంటూనే నాకు కబుర్లు తెచ్చేడు. కొన్నాళ్ళకి ఆళ్ళకి అనుమానం వచ్చింది. ఆడు నోరు విప్పకుండా సచ్చిపోయేడని ఆళ్ళు నమ్మితేనే, ఆడి ప్రాణమూ దక్కుద్ది, మిగతా గుంపూ నా చేతికి దొరుకుద్ది. అందుకని సంపేం."

"సంపితే సంపేరు. దేశద్రోహి అని ఎందుకు?"

"దేశభక్తుడని దండేస్తే, మాకు పట్టిచ్చింది ఈడేనని ఆళ్ళకి చెప్పినట్టు కాదా?"

"మమ్మల్ని కూడా తీసుకుపోవాల్సింది."

"మీరు ఊళ్ళోంచి మాయమైతే ఆళ్ళు నమ్ముతారా? మీ అమ్మ వీధిలో పడి ఏడవాలి. ఊరు మిమ్మల్ని ఉమ్మాలి. అది ఆళ్ళ మనుషులు కళ్ళారా చూడాలి. మీ అమ్మ ఏడుపే నాకు సాక్ష్యం." నా వైపు చూడకుండా అన్నాడు. "మీ ఇంటి మీద రాళ్ళు పడ్డ రోజున నమ్మేరు."

ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుంది. రాళ్ళు ముందు పెంకుల మీద పడ్డాయి, తర్వాత గుమ్మం మీద. అమ్మ నన్ను మంచం కిందికి తోసేసింది. ఆయన గొంతులో ఏదో తేడా ఉంది. ఆ తేడా పట్టుకున్నాను.

"రాళ్ళు ఎవరేసేరు?"

రుమాలు మడత పెట్టుకున్నాడు.

"ఎవరేసేరని అడుగుతన్నాను."

"జనం వేసేరు. మొదటి రాయి నేను వేయించేను. ఆ తరవాత ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది."

అప్పటిదాకా 'మీరు' అన్నాను. ఇక నా వల్ల కాలేదు.

"నువ్వు మనిషివేనా? ఆ ఇంట్లో పదమూడేళ్ళ పిల్ల ఉంది. ఆ పిల్ల నాను."

"ఆ రాళ్ళు పడకపోతే మీ గొంతులు తెగేవి. తెగలేదు. నా ఎదర నిలబడి నన్ను తిడతన్నావు. తిట్టు. తిట్టడానికి బతికున్నావు, అది చాలు నాకు."

"దీనికి నీకు మెడల్సు, మేడలు, ఇప్పుడు సినిమా."

"నిద్ర లేదు. అది కూడా రాసుకో."

అది నిజమో, నటనో నాకు తెలీదు. నిజమైనా నాకేం? ఆయనకి నిద్ర పడితే ఎంత, పట్టకపోతే ఎంత. "ఆ రాళ్ళు ఎవరికి తగిలేయో తెలుసా నీకు? మా పక్కింటి మంగమ్మత్తకి. ఊరంతా తలుపులేసుకుంటే ఆవిడొక్కతే వచ్చి మా గుమ్మానికి అడ్డం నిలబడింది. కనుబొమ్మ చీరుకుపోయింది."

అర్జునరావు మొహం అప్పుడు మారింది. ఇంతసేపు నేనన్న ఏ మాటకీ మారని మొహం. "మంగమ్మా? నూకరాజు తల్లా?"

"అవును. అయితే?"

"ఇప్పటికీ మీ పక్కనే ఉంటోందా?"

"మా దుకాణంలోనే కాజాలు కుడతాది. మాతోనే తింటాది. ఎందుకడుగుతన్నావు?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అవతల జెట్టీ మీద వలలు ఆరబెడుతున్నారు. "మీ నాన్న పాలుగారే పసివాడని కథ మార్పించడానికే కదా నువ్వు ఇక్కడ చేరేవు? అయితే ఇదీ విను. మొదటిసారి తెలీక చెప్పేడు. నా చేతికి చిక్కకముందే రెండోసారి తెలిసే చెప్పేడు. తొంభై మూడులో నేవీ సరుకు దించే బార్జి పడవ పేలింది, గుర్తుందా? గ్యాసు సిలిండరని చెప్పేం. సిలిండరు కాదు. ఆ బార్జి ఏ వేళకి ఎక్కడుంటాదో మీ నాన్న చెప్పిందే. ఆ ఛాండ్లరు మీ బడికాడ మనిషిని పెట్టి, నీ జడకి ఏ రంగు రిబ్బను కట్టుకెళ్ళేవో మీ నాన్నకి చెప్పించేడు. అంతే. ఆడు నోరు విప్పేడు. ఇద్దరు ఖలాసీ కుర్రాళ్ళు పోయేరు."

ఆ రిబ్బను రంగు ఏమిటో నాకు గుర్తు లేదు. మనుషుల ప్రాణాలు తీసిన రంగు గుర్తు లేకపోవడమేమిటని నామీద నాకే అసహ్యం వేసింది.

"అబద్ధం," అన్నాను. నా గొంతుకే నమ్మకం లేదు.

"మీ అమ్మనడుగు. ఆవిడకి మొత్తం తెలుసు."

"ఏటి తెలుసు?"

"మొత్తం. నాకంటే ముందునుంచి కాదు గానీ, నీకంటే చాలా ముందునుంచి."

ఆయనే వెళ్ళి గొళ్ళెం తీసుకున్నాడు. నేను అడ్డం పడలేదు. ఆ చుక్కల చొక్కా మాత్రం బల్ల మీదే ఉండిపోయింది.

ఇంటికెలా వచ్చానో చెప్పలేను. రైల్వే గేటు పడి ఉంటే గూడ్సు మొత్తం వెళ్ళేదాకా నిలబడ్డాననుకుంటాను. దుకాణంలో మంగమ్మత్త గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చుని కాజాలు కుడుతోంది. "ఏటే పిల్లా, ఏలకి ముందే వచ్చీసేవు? ఎండదెబ్బ తగిల్నాదా?" అంది. ఆవిడ కనుబొమ్మ మీద మచ్చ వైపు చూడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాను. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది.

"నాన్న బతికున్నాడు," అన్నాను.

"మెల్లగా," అంది అమ్మ. ఆశ్చర్యపోలేదు. పొలుసు గీకుతూనే ఉంది. "ఎవలు సెప్పేరు?"

"అర్జునరావు."

"సెప్పీసేడా."

అర్జునరావు మీద అరిచిన అరుపంతా ఇప్పుడు ఎవరి మీద అరవాలో తెలీలేదు. "నీకు తెలుసు. తెలిసి బొట్టు లేకుండా తిరిగేవు. తెలిసి నా సేత కాకులకి పెట్టించేవు."

"బొట్టు తీసినప్పుడు తెలీదు. నిజంగానే పోయేడనుకుని తీసేను." అమ్మ చెయ్యి ఆగింది. "బూడిదైనా ఇమ్మని ఆ పోలీసోడి గేటు కాడ తిండీ తిప్పలూ నేకుండా కూకున్నాను. ఆడి పెళ్ళాం సూడలేక లోపలికి పిలిసింది. అప్పుడు సెప్పేడు. నీ మొగుడు బతికే ఉన్నాడు, ఎవలికీ సెప్పకు, ఏడుపు మాత్రం ఆపకు అన్నాడు. నాను ఆ గచ్చు మీదే నవ్వీసేను జ్యోతే. పిచ్చిదాన్నాగ నవ్వీసేను. బొట్టెట్టుకోడానికి ఆడి పెళ్ళాన్ని కుంకం అడుగుదామనుకున్నాను."

"మరి?"

"అప్పుడు బార్జి సంగతి సెప్పేడు."

"అందులో పోయిన ఇద్దరిలో..." అన్నాను.

"ఒకడు మన నూకరాజు," అంది అమ్మ.

దుకాణంలోంచి మంగమ్మత్త ఏదో కూనిరాగం తీస్తోంది. ఆవిడకి ఒక్కడే కొడుకు. వాడి పెళ్ళికి అమ్మే తలంబ్రాల బియ్యం కలపాలని అప్పుడెప్పుడో మాట కూడా తీసుకుంది.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు మంగ సేతి అన్నం తిందువా?"

నేను చెంబుతో నీళ్ళు తీసి చేపల గిన్నెలో పోశాను.

"మీ నాన్న కబురెట్టేడు," అంది అమ్మ. "భయం తగ్గింది, వచ్చీమంటావా అని. వద్దన్నాను. ఆయనొత్తే నాను మల్లా బొట్టెట్టుకోవాల. దాని కొడుకుని సంపినోడి పేరు సెప్పి బొట్టెట్టుకుని, రోజూ దాని ఎదర తిరగమంటావా? మన గుమ్మానికి అడ్డం నిలబడిన మనిసే అది."

"సంపలేదమ్మా. నాకోసం సెప్పేడు."

"అదే కదే నా ఏడుపు. ఆడు సెడ్డోడైతే నాకు ఎంత తేలికైపోను. ఛీ అనీసి ఊరుకుందును. సెడ్డోడు కాడు. నిన్ను కాసుకున్నాడు. నువ్వు కావాలంటే నూకరాజు పోవాల. నానైనా అదే సేద్దునేమో. అందుకే దాని మొకం సూడనేను, ఆడి మొకమూ సూడనేను." చేపని నీళ్ళలో వదిలి నా వైపు తిరిగింది. "సినిమా కత మార్పిత్తానని తిరుగుతన్నావు కదా. మార్పించకు. ఆ సినిమాలో ఆడిని సెడ్డోడిగానే సచ్చిపోనీ. అందరికీ అదే మంచిది."

ఇన్నాళ్ళ నా పంతం ఎంత సులువుగా కిందపెట్టమంటోందో చూడండి. నాకు ఒళ్ళు మండిపోయింది. నాన్న మీద, అమ్మ మీద, అర్జునరావు మీద. ఎవరినీ పూర్తిగా తిట్టడానికి వీల్లేకుండా తలా కాస్త మంచితనం అంటించుకుని కూర్చున్నారు. గ్రే అంటే ఇదేనేమో. సందీప్ ఒకసారి ఈ పెరట్లో కూర్చుని చేపలు కడిగితే తెలుస్తుంది.

అయినా అమ్మ చెప్పిందే సరి అనిపించింది. రేపు మామూలుగా వెళ్తాను, బొత్తాలు కుట్టి వస్తాను, నోరు మూసుకుంటాను. జగన్నాథం ఎలాగూ ఇవాళ చచ్చిపోయాడు. ఆ మాట అమ్మతో అనబోతుంటే వీధిలో మోటారు సైకిలు ఆగింది.

ప్రొడక్షన్ మేనేజరు మణికంఠ. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతాడు. నేను దుకాణంలోకి వచ్చేసరికే మొదలుపెట్టేశాడు.

"జ్యోతిగారూ, అర్జంటు. రేపు పొద్దున్నకి జగన్నాథానికి ఇంకో ఖాకీ చొక్కా కావాలి. రక్తం అదీ ఏమొద్దు, నీటుగా. డైరెక్టరుగారు క్లైమాక్సు మొత్తం మార్చేశారు."

"మార్చడమేటి? ఇవాళ సచ్చిపోయాడు కదా?"

"చావలేదంట. అదే ట్విస్టు. పోలీసులే దొంగ ఫోటో తీసి, ఊరందరికీ చచ్చాడని చెప్పి దాచేస్తారంట. ఆఖర్న బతికే వస్తాడు. మీరు లేరు గానీ, మధ్యాహ్నం పెద్ద గొడవ. ఇలా తీయడానికి వీల్లేదని అర్జునరావుగారు కేకలేశారు. 'ఏం సార్, నిజంగా జరిగిందేనా?' అని డైరెక్టరుగారు అడిగేసరికి, మారు మాట్లాడకుండా కారెక్కి వెళ్ళిపోయారు. దాంతో మావాడికి ఇంకా హుషారు పుట్టింది. రేపు హార్బరు దగ్గరే పేపరోళ్ళని పిలిచి చెప్పేస్తున్నాడు. ఇది విశాఖపట్నంలో నిజంగా జరిగిన కథ, ఆ మనిషి ఇంకా బతికే ఉండొచ్చని. పబ్లిసిటీ అదిరిపోద్ది."

కొలతల చీటీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. పెరటి గుమ్మంలో అమ్మ తడి చేతులతో నిలబడిపోయి ఉంది.

మంగమ్మత్త సూది పక్కన పెట్టింది. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఈల సినిమా మన జగ్గన్న కతే కదే పిల్లా? అందరూ అంటన్నారు. అయితే జగ్గన్న సావనేదా?"

"సినిమా అత్తా," అన్నాను. "ఆళ్ళకేటి, ఏదైనా రాత్తారు."

"నిప్పు నేకుండా పొగొత్తాదా? ఆ పోలీసాయన నోరు మూసుకుని ఎల్లిపోనాడంట కదా." ఆవిడ మొహంలో ఒక వెలుగు వచ్చింది. అలాంటి వెలుగు ఆ మొహం మీద నేను ఎన్నడూ చూడలేదు. చూడకుండా ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. "కాశమ్మొదినా, నీ బొట్టు నీకొచ్చీసినట్టే. ఏటలగ సూత్తావు, నవ్వవేటి? నాకూ ఒకటి తోచింది. నా నూకరాజు ఒంటిని కూడా ఎవలూ సూపించనేదు కదా. సముద్రంలో పోనాదన్నారు, నాను నమ్మీసేను. ఒక్కలిని దాసినోలు ఇద్దరిని దాయరా?"

అమ్మ చేతులు విడిపించుకుని, తడి కొంగుకి తుడుచుకుంది.

మంగమ్మత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, బల్ల మీది ఖాకీ గుడ్డ తీసి నా చేతిలో పెట్టింది.

"బేగి కత్తిరించు. కాజాలు నాను కుట్టీత్తాను. రేపు నన్ను కూడా హార్బరుకి తీసుకెల్లు జ్యోతే. పేపరోళ్ళందరి ఎదరే అడుగుతాను, నా కొడుకుని ఎక్కడెట్టేరో సెప్పమని."